20 ఎకరాల మామిడి, 11 జీబీల బొమ్మలు

నూజివీడు చుట్టుపక్కల పాత తోటల్లో చెట్టుకీ చెట్టుకీ మధ్య 33 అడుగులు వదిలి నాటారు. అంటే 10 మీటర్లు, ఎకరాకి 40 చెట్లు. అలాంటి 20 ఎకరాల తోట మీద 60 మీటర్ల ఎత్తున, మల్టీస్పెక్ట్రల్ కెమెరా కట్టిన డ్రోన్ ఒక పావుగంట తిరిగిందనుకుందాం. మైకాసెన్స్ రెడ్‌ఎడ్జ్ తరహా కెమెరా అయితే నీలం, పచ్చ, ఎరుపు, ఎరుపు అంచు, పరారుణం అని 5 బ్యాండ్లు. ఒక్కో బ్యాండ్‌కి 1280 × 960 పిక్సెళ్లు, పిక్సెల్‌కి 2 బైట్లు. 5 బ్యాండ్లకీ కలిపి ఒక్క క్లిక్కుకి 12 ఎంబీ పైచిలుకు. సెకనుకో క్లిక్కు చొప్పున పావుగంటలో 900 క్లిక్కులు. డ్రోన్ దిగేసరికి మెమరీ కార్డులో 11 జీబీ కూర్చుని ఉంటుంది.

ఇదే 20 ఎకరాలని యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం 13 బ్యాండ్లలో చూస్తుంది. దాని 10 మీటర్ల బ్యాండ్లు 4, 20 మీటర్లవి 6, 60 మీటర్లవి 3. లెక్క కట్టి చూస్తే మన తోట వాటా మొత్తం 4,500 అంకెలు, 9 కేబీ. ఒకే నేలకి, ఒకే చెట్లకి ఆకాశంలోంచి 9 కేబీ, చెట్టు నెత్తిమీంచి 11 జీబీ. పది లక్షల రెట్లకి పైగా తేడా.

మరి ఆ 11 జీబీని ఎంతకి కుదించవచ్చు? ఈ ప్రశ్న మీద యాభై ఏళ్లుగా పని జరుగుతోంది. సగానికి అంటారు కొందరు, నాలుగో వంతుకి అంటారు కొందరు, నూరో వంతుకి దించినా కంటికి తేడా తెలియదంటారు ఇంకొందరు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు గానీ, అందరూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పడం లేదు. ఆ బొమ్మలోంచి రేపు ఏ అంకె తియ్యబోతున్నామో తేల్చుకోకుండా ఎన్ని రెట్లు కుదించామని చెప్పుకోవడం, నా దృష్టిలో, అర్థం లేని మాట. మామిడి తోట ఈ సంగతిని మిగతా పంటలకన్నా స్పష్టంగా బయటపెడుతుంది. అందుకే ఈ సమీక్షకి నూజివీడు.

ముందు కాస్త వెనక్కి. మన దేశంలో చెట్టు రోగాన్ని పైనుంచి పరారుణంలో చూడాలన్న ప్రయత్నం 1970లో కేరళలో జరిగింది. కొబ్బరికి పట్టిన వేరు తెగులుని కనిపెట్టడానికి పి.ఆర్. పిషారోటి బృందం హెలికాప్టర్‌లోంచి, హాసెల్‌బ్లాడ్ కెమెరాలో పరారుణ ఫిల్మ్ పెట్టి ఫొటోలు తీసింది. మన రిమోట్ సెన్సింగ్‌కి పురుడు పోసింది కొబ్బరి తోటే. అప్పుడు ఫిల్మ్ కాబట్టి కుదింపు గొడవ లేదు. రీలు కడిగితే సరిపోయింది. 1972లో అమెరికా ల్యాండ్‌శాట్-1ని పంపాక అసలు చిక్కు మొదలైంది. వర్జీనియా నార్‌వుడ్ రూపొందించిన దాని 4 బ్యాండ్ల స్కానర్ ప్రతి కొలతనీ 6 బిట్లలో, అంటే 64 మెట్లలో, కిందికి పంపాలి. 64 మెట్లని సమానంగా పంచితే చీకటి వైపు వివరం చాలదు. అందుకని 3 బ్యాండ్లలో చీకటి వైపు దగ్గరదగ్గరగా, వెలుగు వైపు ఎడంగా మెట్లు పెట్టి పంపి, నేల మీద మళ్లీ 128 మెట్లకి సాగదీసేవారు. ఈ ఉపాయాన్ని గుర్తుంచుకోండి. డ్రోన్ల కాలంలోనూ దీన్ని మించింది నాకు కనబడలేదు.

హైదరాబాద్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1974లో పుట్టింది. 1979 నుంచి షాద్‌నగర్ యాంటెనాలు ల్యాండ్‌శాట్ సమాచారం దించుకోవడం మొదలుపెట్టాయి. 1988 మార్చి 17న మన సొంత ఐఆర్‌ఎస్-1ఎ వెళ్లింది. దాని లిస్-1 కెమెరా పిక్సెల్ 72.5 మీటర్లు, కొలత 7 బిట్లు. ఆ పిక్సెల్‌లో మన పాత తోట చెట్లు 50కి పైగా పడతాయి. ఎకరంపావు తోటకి ఒకే అంకె. లిస్-3 వచ్చేసరికి 23.5 మీటర్లు, పిక్సెల్‌కి అయిదారు చెట్లు. 2003 అక్టోబరులో వెళ్లిన రిసోర్స్‌శాట్-1 లిస్-4 కెమెరా 5.8 మీటర్లకి దిగింది. ఒక చెట్టు ఆక్రమించిన జాగా మూడు పిక్సెళ్లయింది. అది 10 బిట్లలో కొలిచేది. కిందికి మాత్రం ఎంచుకున్న 7 బిట్లనే పంపేది. మిగతా మూడూ పైనే ఆవిరి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి లేచిన కార్టోశాట్-1కి రెండు నలుపు-తెలుపు కెమెరాలు. ఒక్కోదాన్నుంచి సెకనుకి 336 మెగాబిట్లు ఉరికేవి, దారి 105 మెగాబిట్లే. జేపెగ్ తరహా పద్ధతిలో 3.2 రెట్లు నొక్కి పంపారు. ఎత్తుపల్లాల పటాలు గీయడానికి తీసిన బొమ్మలు గనక ఆ నష్టాన్ని అవి భరించాయి. ఆకు ఆరోగ్యం కొలవడానికి తీసినవైతే భరించేవని నేననుకోను.

ఉపగ్రహానికీ డ్రోన్‌కీ ఇక్కడ ఒక పెద్ద తేడా ఉంది. ఉపగ్రహానికి ఇరుకు రేడియో దారిలో. డ్రోన్‌కి ఆ బాధ లేదు. కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెడితే అయిపోయింది. ఇరుకంతా తరవాత వస్తుంది. ఆగిరిపల్లి నుంచో ముసునూరు నుంచో 11 జీబీని సర్వర్‌కి ఎక్కించాలంటే రాత్రంతా ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడాలి. సీజన్‌కి నాలుగుసార్లు, యాభై తోటలకి ఎగిరితే 2 టీబీ దాటుతుంది. అందులో ఎవరూ మళ్లీ తెరవనివే ఎక్కువ.

ఇప్పుడు కుదింపు పద్ధతుల్లోకి వెళదాం. మొదటిది నష్టం లేని కుదింపు: విప్పితే ఒక్క బిట్టు కూడా తేడా రాకూడదు. దీని కీలకం ఊహించడంలో ఉంది. పక్క పిక్సెల్, పై పిక్సెల్ చూసి ఈ పిక్సెల్ ఎంత ఉంటుందో ముందే అంచనా వేస్తారు. అసలు విలువని కాకుండా అంచనా ఎంత తప్పిందో దాన్ని మాత్రమే రాస్తారు. ఉదాహరణకి పరారుణ బ్యాండ్‌లో ఒక ఆకు మీద అంచనా 1600, అసలు విలువ 1628 అనుకుందాం. తప్పు +28. ప్లస్ మైనస్ గుర్తుని విడిగా రాయకుండా, ప్లస్సులని సరి సంఖ్యల మీదికీ మైనస్సులని బేసి సంఖ్యల మీదికీ మళ్లిస్తే అది 56 అవుతుంది. 56లో 32 ఒకటి, మిగిలింది 24. ఆ 'ఒకటి'ని రెండు బిట్లలో, 24ని 5 బిట్లలో రాస్తే మొత్తం 7 బిట్లు. 12 బిట్ల కొలత 7 బిట్లలో సర్దుకుంది. 1970లలో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో రాబర్ట్ రైస్ దీన్ని రూపుదిద్దాడు. ఈ పద్ధతికి గుణకారాలు అక్కర్లేదు, పెద్ద మెమరీ అక్కర్లేదు. అంతరిక్ష సంస్థల ఉమ్మడి కమిటీ సీసీఎస్‌డీఎస్ 1997లో దీన్నే తన 121వ ప్రమాణంగా ప్రకటించింది. ల్యాండ్‌శాట్-8 ఈ పద్ధతి మీదే నడిచింది.

కానీ డ్రోన్ కెమెరా ఫైళ్లలో ఒక చిన్న మెలిక. సెన్సర్ 12 బిట్లే కొలుస్తుంది. ఫైలు మాత్రం 16 బిట్ల టిఫ్. కొన్ని కెమెరాలు ఆ 12 బిట్లనీ పైకి జరిపి, కింద 4 బిట్లలో సున్నాలు నింపుతాయి. అంటే ప్రతి విలువా 16 రెట్లు పెద్దదై కూర్చుంటుంది. పైన చెప్పిన +28 ఇక్కడ +448 అవుతుంది. అదే ఎత్తుగడతో రాస్తే 7 బిట్లు కాస్తా 11 బిట్లవుతాయి. కొత్త సమాచారం రవ్వంత లేకుండానే పిక్సెల్‌కి 4 బిట్ల దండగ. కుదించే ముందు విలువలని 4 బిట్లు కిందికి జరిపితే చాలు, దండగ పోతుంది. ఇంత చిన్న పని చెయ్యకుండా ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లని చూస్తే జాలేస్తుంది. టిఫ్‌లో మామూలుగా వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యు కుదింపు సంగతి చెప్పనక్కర్లేదు. మళ్లీ మళ్లీ వచ్చే బైట్ల వరసలని వెతుక్కునే పద్ధతి అది. ఆకుల బొమ్మలో అచ్చంగా అదే వరస మళ్లీ రాదు. ముందు తేడాలు తీసే 'ప్రిడిక్టర్' ఆప్షన్ పెట్టకపోతే ఫైలు ఒక్కోసారి కుదించక ముందుకన్నా పెద్దదవుతుంది కూడా.

సరే, అన్నీ సక్రమంగా చేసినా నష్టం లేని కుదింపు సగం దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? ఎందుకంటే కెమెరా కొలతలో ఒక భాగం ఆకుది కాదు, వెలుతురుది. ఫోటాన్లు క్రమశిక్షణగా రావు. 10 వేలు రావాల్సిన చోట ఒకసారి 9,900, ఇంకోసారి 10,100 వస్తాయి. ఆ ఊగిసలాట ఫోటాన్ల సంఖ్యకి వర్గమూలమంత ఉంటుంది. పూర్తి కొలత 4095 దగ్గర 10 వేల ఎలక్ట్రాన్లు పట్టే సెన్సర్ అనుకుంటే, ఆకు మీద పరారుణం 1600 చూపించినప్పుడు నాయిస్ 25 మెట్లు. ఎరుపులో ఆకు 100 చూపిస్తే నాయిస్ 6 మెట్లు. సమాచార సిద్ధాంతం ప్రకారం 25 మెట్ల నాయిస్‌ని పొల్లుపోకుండా దాచాలంటే పిక్సెల్‌కి 6.7 బిట్లు తప్పవు. ఎంత తెలివైన అల్గారిథమ్ అయినా దీని కిందికి దిగలేదు, ఎందుకంటే నాయిస్‌ని ఎవరూ ఊహించలేరు. 12ని 6.7తో భాగిస్తే 1.8. అందుకే నష్టం లేని పద్ధతులన్నీ ఒకటిన్నర, రెండు రెట్ల మధ్య కొట్టుకుంటుంటాయి. వ్యాసాల్లో కొత్త పద్ధతి పాతదాన్ని 3 శాతం ఓడించిందని చదివినప్పుడు నాకు అనిపించేది ఇదే: పోటీ అంతా ఆ నేల మీద మిగిలిన రెండంగుళాల జాగా కోసం. డిస్కులో ఎక్కువ చోటు తింటున్నది మామిడాకు కాదు, ఫోటాన్ల చపలత్వం.

మల్టీస్పెక్ట్రల్ కాబట్టి ఇంకో ఆశ ఉంది. అయిదు బ్యాండ్లూ ఒకే తోటవి. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని ఊహించలేమా? నీలం, పచ్చ, ఎరుపు మధ్య ఇది చక్కగా పనిచేస్తుంది. పరారుణం దగ్గరికి వచ్చేసరికి తోట ఎదురు తిరుగుతుంది. నూజివీడు ఎర్ర నేల ఎరుపు బ్యాండ్‌లో వెలుగుతుంది, ఆకు నల్లగా ఉంటుంది. పరారుణంలో ఆకు తెల్లగా మెరుస్తుంది, నేల దానికన్నా మసకబారుతుంది. కొమ్మ అంచు రెండింట్లోనూ అదే చోట ఉంటుంది గానీ వెలుగు దిశ తారుమారవుతుంది. కాబట్టి ఫ్రేమంతటికీ ఒకే సూత్రం పెడితే పనికిరాదు. పిక్సెల్ పిక్సెల్‌కీ నేర్చుకుంటూ, తప్పినప్పుడల్లా తూకాలు సవరించుకుంటూ పోయే పద్ధతి కావాలి. జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లోనే మాథ్యూ క్లిమేష్ బృందం అలాంటిదాన్ని 'ఫాస్ట్ లాస్‌లెస్' పేరుతో తయారుచేసింది. 2012లో అది సీసీఎస్‌డీఎస్ 123వ ప్రమాణం అయింది. వందల బ్యాండ్ల హైపర్‌స్పెక్ట్రల్ కెమెరాలకి ఇది వరం. అక్కడ పక్కపక్క బ్యాండ్లు కవల పిల్లల్లా ఉంటాయి. అయిదు బ్యాండ్లకి, అందులోనూ దూరదూరంగా ఉన్నవాటికి, లాభం అంతంతమాత్రమే.

పైగా డ్రోన్ కెమెరాలో ఒక్కో బ్యాండ్‌కి ఒక్కో లెన్సు. అయిదు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవు. ముందు వాటిని సరిదిద్ది, తరవాత కుదిద్దాం అనుకోవడం సహజం. అదే పొరపాటు. సరిదిద్దడమంటే పిక్సెళ్ల మధ్య కొత్త విలువలు పుట్టించడం; ఆ క్షణమే అసలు కొలత పోయింది. నిజానికి అంత అవసరం కూడా లేదు. లెన్సుల మధ్య ఎడం రెండు మూడు సెంటీమీటర్లే. 60 మీటర్ల ఎత్తున పిక్సెల్ నేల మీద 4 సెంటీమీటర్లు. కాబట్టి చెట్టు ఎత్తుని బట్టి వచ్చే జరుగుడు పిక్సెల్‌లో చిన్న ముక్క. కనిపించే పెద్ద తేడా లెన్సులని బిగించిన కోణాల వల్ల వచ్చింది. ఆ కెమెరాకి అది దాదాపు మారదు. ఒకసారి కొలుచుకుని, ఊహించేటప్పుడు మాత్రం కొలిచినన్ని పిక్సెళ్లు పక్కకి జరిగి చూస్తే సరి. బొమ్మని ముట్టుకోకుండానే బ్యాండ్ల చుట్టరికం వాడుకోవచ్చు.

ఇక నష్టంతో కుదింపు. ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే రైతుకి ముట్టేదీ, ముంచేదీ ఇక్కడే.

జేపెగ్‌ని మనిషి కంటి కోసం తయారుచేశారు. మన కన్ను రంగు తేడాలకన్నా వెలుగు తేడాలని బాగా పట్టుకుంటుంది, సన్నటి గీతల్లో చిన్న తప్పుని క్షమిస్తుంది. జేపెగ్ ఆ బలహీనతల మీద బతుకుతుంది. మల్టీస్పెక్ట్రల్ బొమ్మని చూసేది కన్ను కాదు, సూత్రం. ఎక్కువగా వాడేది ఎన్‌డీవీఐ: పరారుణంలోంచి ఎరుపు తీసేసి, రెండింటి మొత్తంతో భాగించడం. ముదురు మామిడాకు మీద పడ్డ ఎరుపు వెలుగులో 4 శాతం, పరారుణంలో 45 శాతం తిరిగి వస్తుందనుకుందాం. సూచిక 0.84. ఇప్పుడు పరారుణంలో 1 శాతం తప్పు రానివ్వండి, 46 అయిందనుకోండి: సూచిక మళ్లీ 0.84, మూడో దశాంశంలో కాస్త కదలిక. అదే 1 శాతం తప్పు ఎరుపులో వస్తే, 4 కాస్తా 5 అయితే, సూచిక 0.80కి పడిపోతుంది. పదకొండు రెట్ల తేడా. ఒకే పరిమాణం గల తప్పు ఒక బ్యాండ్‌లో నిద్రపోతుంది, ఇంకో బ్యాండ్‌లో తోటకి రోగం అంటగడుతుంది.

కుదింపు సాఫ్ట్‌వేర్‌కి ఈ సంగతి తెలియదు. అది హెచ్చుతగ్గులు ఎక్కువున్న బ్యాండ్‌కి బిట్లు ఎక్కువ కేటాయిస్తుంది. కొమ్మలు, నీడలు, నేల మధ్య పరారుణం విపరీతంగా ఊగుతుంది కాబట్టి బిట్లన్నీ దానికే పోతాయి. చీకట్లో నక్కిన ఎరుపు ఆకుకి మిగిలేది చిల్లర. బ్యాండ్లని కలిపి ముఖ్యాంశాలుగా విడగొట్టే కేఎల్‌టీ పరివర్తన పెడితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది: మొదటి అంశంలో వెలుగంతా చేరుతుంది, మనకి కావలసిన ఎరుపు తేడా నాలుగో అయిదో అంశంలోకి జారి, కోతకి మొదట దొరుకుతుంది. మొత్తం మీద సగటు తప్పు చాలా తక్కువ అని రిపోర్టు వస్తుంది. నిజమే, సగటు తక్కువే.

8 బిట్లకి మార్చడం ఒక్కటే ఎంత పని చేస్తుందో చూడండి. నూరు శాతానికి 255 మెట్లు పెడితే ఎరుపు ఆకు 10వ మెట్టు మీద ఉంటుంది. ఒక్క మెట్టు అటూ ఇటూ అయితే సూచిక 0.015 కదులుతుంది. ఆ పైన జేపెగ్ మామూలు నాణ్యతలో నాలుగు మెట్లు తప్పితే 0.84 కాస్తా 0.78. మామిడి సతతహరితం, వరిలా నాటు నుంచి కోత దాకా సూచిక ఎగిసి పడదు. ఏడాది పొడుగునా తేడాలే చిన్నవి. ఆ చిన్న తేడాల కోసమే డ్రోన్ ఎగరేశాం.

నూజివీడులో ఆ చిన్న తేడా ఏమిటో రైతుని అడిగితే చెబుతాడు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే బెంగ ఒకటే: కొమ్మ చివర వచ్చేది పూతా, చిగురా? కొన్ని ఏళ్లలో రసాలో, బంగినపల్లో పూత వెయ్యాల్సిన కాలంలో లేత చిగురు తొడుగుతాయి. పూత చూసి తోట కొనుక్కునే వ్యాపారి ఇచ్చే ధర దాని మీదే ఆధారపడుతుంది. రాగి రంగు చిగురూ, పసుపుపచ్చ పూగుత్తీ రెండూ ఎరుపు బ్యాండ్‌ని పెంచుతాయి. సూచిక రెండింటికీ పడుతుంది. విడగొట్టాలంటే పచ్చ, ఎరుపు, నీలం మధ్య నిష్పత్తి చూడాలి. అదంతా తక్కువ విలువల చీకటి ప్రాంతంలో జరిగే వ్యవహారం. తేనెమంచు పురుగు కార్చే తేనె మీద పెరిగే మసి తెగులు ఇంకో రకం: ఆకు మీద నల్లటి పొర కట్టి పరారుణాన్ని కూడా మింగుతుంది. కాబట్టి మసి తెగులు పట్టుకోవడానికి గట్టిగా కుదించిన బొమ్మ కూడా పనికొస్తుంది, పూతకీ చిగురుకీ తేడా చెప్పడానికి పనికిరాదు. ఒకే తోట, ఒకే ఫైలు.

దీనికి మందు ల్యాండ్‌శాట్-1 దగ్గరే ఉంది. ఎలాగూ నాయిస్ వర్గమూలం లెక్కన పెరుగుతోంది కాబట్టి, మెట్లని కూడా అదే లెక్కన ఎడం చేద్దాం. కొలతకి వర్గమూలం తీసి, నాలుగుతో హెచ్చవేసి, పూర్ణాంకానికి సరిచేద్దాం. 0 నుంచి 4095 దాకా ఉన్న కొలతలు 256 మెట్లలోకి వస్తాయి. ఎరుపు 100 దగ్గర మెట్టు వెడల్పు 5, అక్కడ నాయిస్ 6. పరారుణం 1600 దగ్గర మెట్టు 20, అక్కడ నాయిస్ 25. ఎక్కడ చూసినా మెట్టు నాయిస్‌కి లోపలే ఉంది. దీనివల్ల నాయిస్ పెరిగేది 3 శాతం లోపు. ఇలా మార్చిన బొమ్మలో నాయిస్ దాచడానికి 6.7 బిట్ల బదులు 2.4 బిట్లు చాలు. కొమ్మారెమ్మల అసలు వివరానికి ఇంకో బిట్టున్నర వేసుకున్నా పిక్సెల్‌కి 4 బిట్లు. 11 జీబీ మూడు జీబీ లోపుకి వస్తుంది, ఎరుపు చెక్కుచెదరదు. ఇదంతా చెయ్యడానికి 4096 గళ్ల పట్టిక ఒకటి, ఆ తరవాత ఏదైనా నష్టం లేని పద్ధతి చాలు.

ప్రమాణాలు రాసేవాళ్లూ ఈ దారికే వచ్చారు. 123వ ప్రమాణానికి 2019లో వచ్చిన రెండో కూర్పు 'దాదాపు నష్టం లేని' కుదింపుని అనుమతించింది. ఏ పిక్సెల్‌లోనూ ఇంతకు మించి తప్పు రాకూడదని హద్దు పెట్టొచ్చు, ఆ హద్దుని బ్యాండ్ బ్యాండ్‌కీ వేరుగా పెట్టొచ్చు. ఎస్రీ సంస్థ లెర్క్ ఫార్మాట్ కూడా ప్రతి పిక్సెల్‌కీ తప్పు హద్దు ఒప్పుకునేదే. సగటు మీద హామీ కన్నా ప్రతి పిక్సెల్ మీద హామీ మేలు. సెంటినెల్-2 మాత్రం వేవ్‌లెట్ల మీద ఆధారపడి, పైనే మూడు రెట్ల దాకా నష్టంతో కుదిస్తుంది. కిందికి దిగాక 110 కిలోమీటర్ల పలకలుగా కోసి జేపెగ్-2000లో ఇస్తుంది. మూడు రెట్లే కాబట్టి పంటల పనికి అది హాని చెయ్యలేదు. అక్కడ ఇంజనీర్లు ఆశపడకుండా ఆగడం నాకు నచ్చిన సంగతి.

డ్రోన్‌కి మాత్రమే ఉన్న ఇంకో దుబారా ఉంది. అతికించడం కోసం బొమ్మలని ఒకదాని మీదికి ఒకటి 80 శాతం, పక్క వరసలతో 75 శాతం వచ్చేలా తీస్తారు. లెక్కేస్తే ప్రతి చెట్టూ 20 బొమ్మల్లో పడుతుంది. 8 మీటర్ల కొమ్మల గుబురు ఒక్కో బొమ్మలో 30 వేల పిక్సెళ్లు. అది 20 సార్లు, 5 బ్యాండ్లలో. వీడియో కుదించినట్టు ఒకదాన్నుంచి ఒకటి ఊహిస్తే 20 రెట్లు దిగుతుందని ఆశ పుడుతుంది. దిగదు. ఒకే చెట్టుని ఎండ వైపు నుంచి, నీడ వైపు నుంచి చూస్తే వెలుగు మారిపోతుంది, కొమ్మలు గాలికి కదులుతాయి, నాయిస్ ప్రతిసారీ కొత్తది. అసలు లాభం కుదింపులో కాదు, అతికించడంలో ఉంది. 20 బొమ్మలు ఒక పటం అయ్యాక మిగిలేది అరజీబీ స్థాయి. దాన్నుంచి చెట్టుకో అయిదు అంకెలు తీస్తే 800 చెట్లకి 4,000 అంకెలు, 8 కేబీ. విచిత్రంగా సెంటినెల్ ఇచ్చిన 9 కేబీ పక్కకే వచ్చి నిలబడ్డాం, కాకపోతే ఈ అంకెలు చెట్టు చెట్టువి. అయితే ఈ దారిలో వెనక్కి రావడం ఉండదు. పటం అతికించే సాఫ్ట్‌వేర్ ఏ బొమ్మ నుంచి ఏ పిక్సెల్ తీసుకుందో, ఎక్కడ సర్దిందో తరవాత విప్పలేం.

న్యూరల్ నెట్‌వర్కులతో కుదించడం మీద ఇప్పుడు కుప్పలుగా పరిశోధన వస్తోంది. బాగా దిగుతుంది కూడా. కానీ ఆ నెట్‌వర్క్ తను చదువుకున్న బొమ్మల్లో లేనిదాన్ని తనకి తెలిసినదానిలా దిద్దుతుంది. ఎక్కడో గోధుమ చేల మీద చదువుకున్న యంత్రం మన చిన్నరసం పూగుత్తిని ఏం చేసిందో చూసి సరిచెప్పేవాళ్లు లేనంతకాలం, కొలతలకి దాన్ని నమ్మడం తొందరపాటు. కాకపోతే కృత్రిమ మేధ వేరే చోట పనికొచ్చింది. 2020 సెప్టెంబరులో యూరప్ పంపిన ఫైశాట్-1 మబ్బు పట్టిన బొమ్మలని పైనే గుర్తుపట్టి పారేసింది. పంపక్కర్లేనిదాన్ని పంపకపోవడాన్ని మించిన కుదింపు లేదు. డ్రోన్‌కి మబ్బు అడ్డం రాదు గానీ, పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ, మలుపుల్లోనూ తీసిన పనికిరాని క్లిక్కులు ప్రతి కార్డులోనూ ఉంటాయి. వాటిని ఏరెయ్యడానికి మేధ కూడా అక్కర్లేదు. ఎత్తు, కోణం ఫైల్లోనే రాసి ఉంటాయి.

ఆ 'ఫైల్లో రాసి ఉండేవి' అన్న మాట దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఎక్స్‌పోజర్, గెయిన్, నలుపు మట్టం, డ్రోన్ నెత్తిన సెన్సర్ కొలిచిన ఎండ: ఇవన్నీ బొమ్మ పిక్సెళ్లలో ఉండవు, ఫైలుకి అంటుకున్న మెటాడేటాలో ఉంటాయి. ఎగిరే ముందు నేల మీద పెట్టి ఫొటో తీసే బూడిద రంగు పలక కూడా కొలతలో భాగమే. ఇవి లేకపోతే జనవరి బొమ్మనీ మార్చి బొమ్మనీ పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు. ఒక క్లిక్కుకి ఇవన్నీ కలిపినా కొన్ని కేబీలు. కానీ ఫార్మాట్ మార్చే సాఫ్ట్‌వేర్లలో చాలా వాటికి ఇవి బరువుగా కనిపిస్తాయి, చడీచప్పుడు లేకుండా వదిలేస్తాయి. ఇక వాట్సాప్‌లో ఫొటోగా పంపితే మెటాడేటా పోతుంది, 12 బిట్లు 8 అవుతాయి, సైజు తగ్గుతుంది. ఒకే దెబ్బకి మూడు నష్టాలు. పంపక తప్పదంటే జిప్ చేసి డాక్యుమెంట్‌గా పంపాలి.

నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది, మామిడి పరిశోధన స్థానమూ ఉంది. బిట్ల సంగతి తెలిసినవాళ్లూ, పూగుత్తుల సంగతి తెలిసినవాళ్లూ ఒకే ఊళ్లో ఉన్న చోట్లు ఎక్కువ లేవు. ఏ స్థాయి కుదింపు దగ్గర పూత, చిగురు కలిసిపోతాయో తేల్చే పరీక్షకి పెద్ద ఖర్చు అవసరం లేదు: చెట్టు కింద నిలబడి కొమ్మలు లెక్కపెట్టగల మనుషులు, వందల చెట్లు, ఒక కెమెరా, ఒక సీజన్. అమెరికా నారింజ తోటల మీదో, యూరప్ ద్రాక్ష మీదో చేసిన పరీక్షల అంకెలు రాగి చిగురు వేసే చెట్టుకి అతకవు.

ఈలోగా నా పంపకం ఇలా ఉంటుంది. పూత కాలంలో ఎగిరిన వాటికి నీలం, పచ్చ, ఎరుపు బ్యాండ్లని నష్టం లేకుండా దాచాలి, ఎరుపు అంచుకీ పరారుణానికీ వర్గమూలం పద్ధతి సరిపోతుంది. పిందె కట్టాక మసి తెగులు కోసం ఎగిరితే అన్ని బ్యాండ్లకీ వర్గమూలమే చాలు. కోతలయ్యాక కొమ్మలు కత్తిరించేటప్పుడు గుబురు కొలవడానికి ఎగిరినవైతే అతికించిన పటం ఉంచుకుని మిగతావి తుడిచెయ్యొచ్చు. బూడిద పలక ఫొటోలని మాత్రం ఏ కాలంలో తీసినా, ఒక్క బిట్టు కదపకుండా, ఆ పటం ఉన్న ఫోల్డర్‌లోనే ఉంచాలి.